"రాయను, ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్న పిల్లాడితో: ఆ నిమిషంలో, ఆ వారంలో, ఆ నెలలో ఏం చేయాలి?

చాక్‌పీస్ (చర్చ మొదలుపెట్టినవారు)

స్టాఫ్‌రూముల్లో తరచూ వినిపించే మాట: "బెత్తం తీసేశారు, దాని బదులు చేతికేమీ ఇవ్వలేదు." బదులు లేకపోలేదు, దాన్ని వరుసగా చెప్పినవాళ్లే తక్కువ. తొమ్మిది, పది తరగతుల సంగతి మాట్లాడుకుందాం. హోంవర్కు చేయరు, ఎదురు సమాధానం చెప్తారు, బ్యాగులో ఫోను తెస్తారు, ఇంటర్వెల్ తర్వాత గోడ దూకుతారు, పిలిస్తే వినపడనట్టు నడిచిపోతారు. పిల్లాడు మొండికేసిన ఆ నిమిషంలో నోటి నుంచి ఏ మాట రావాలి? చట్టం దేన్ని వద్దంటోంది, దేన్ని చేయనిస్తోంది? అదే పిల్లాడు రోజూ అలాగే ఉంటే ఏ వరుసలో ముందుకెళ్లాలి? ఎవరికి ఏది బాగా తెలుసో దాన్ని విడమరిచి రాయండి. సొంత అనుభవ కథలు వద్దు, పద్ధతి చెప్పండి.

బోర్డు_పక్కన

ఆ నిమిషం గురించి.

నలభై మంది చూస్తుండగా పద్నాలుగేళ్లవాడికి వెనక్కి తగ్గడమంటే పరువు పోవడమే. అందుకని వాడు తగ్గడానికి దారి వదలాలి. దూరం నుంచి, బోర్డు దగ్గర నిలబడి పేరు పెట్టి అరిస్తే ఆ దారి మూసేసినట్టే.

వాడి బెంచీ దాకా నడవండి. ఎదురుగా కాదు, పక్కగా, చెయ్యి చాపినంత దూరంలో ఆగండి. గొంతు తగ్గించి ముందు పేరు, తర్వాత ఒకే ఒక్క పని: "నోట్సు తెరువు. ఇరవై మూడో పేజీ." "మాట్లాడకు" అనకుండా ఏం చేయాలో చెప్పాలి. చెప్పి అక్కడే కాపలా కాయొద్దు. మనసులో పది దాకా లెక్కపెట్టుకుంటూ పక్క బెంచీ నోట్సు చూడండి. తెరిస్తే తల ఊపితే చాలు. "ఇప్పుడొచ్చావా దారికి?" అన్నామా, తెరిచిన నోట్సు మళ్లీ మూస్తాడు.

తెరవకపోతే రెండోసారి అవే మాటలు. వాటికి ఒక ఎంపిక జోడించాలి: "ఇక్కడ రాస్తావా, ముందు బెంచీలో కూర్చుని రాస్తావా?" రెండిట్లో ఏదైనా మనకు సరిపోయేలా ఉండాలి. "రాస్తావా, హెచ్‌ఎం దగ్గరికి పోతావా?" అన్నది ఎంపిక కాదు, సవాలు. చాలామంది "పోతా" అని లేచి నిలబడేది అక్కడే. మూడోసారీ కదలకపోతే "సరే, గంట కొట్టాక రెండు నిమిషాలు మాట్లాడుకుందాం" అని పాఠంలోకి వచ్చేయాలి. గంట కొట్టాక ఆ రెండు నిమిషాలూ తప్పక మాట్లాడాలి. ఒక్కసారి మరిచిపోయినా ఆ మాటకు ఇక విలువుండదు.

చెడేది ఎక్కడంటే, "ఎందుకు రాయవు?", "ఎన్నిసార్లు చెప్పాలి?" లాంటి ప్రశ్నలు వేసినప్పుడు. అడిగితే జవాబొస్తుంది, జవాబొస్తే క్లాసు నవ్వుతుంది. "మీ అన్న ఎంత బాగా చదివేవాడు!" అన్న పోలిక, ఇంట్లోవాళ్ల ప్రస్తావన కూడా అంతే. పని మొదలుపెడుతూ గొణిగితే ఆ గొణుగుడు వదిలేయండి, పని మొదలైంది కదా.

ఇంకొకరి మీద చెయ్యి చేసుకుంటున్నా, చేతిలో గాయం చేసే వస్తువున్నా, గేటు దాటి పోతున్నా ఈ వరుస పనికిరాదు. అప్పుడు వెంటనే ఒక పిల్లవాడి చేత పక్క టీచరుకో హెచ్‌ఎంకో చీటీ పంపాలి. మిగతా పిల్లల్ని దూరంగా జరపాలి. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆపబోతేనే తోపులాట జరుగుతుంది.

న్యాయసూత్రం

చట్టం సంగతి, ఎక్కువగా గందరగోళపడే చోట్లు మాత్రమే రాస్తాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బడి దండన 2002లోనే ప్రభుత్వ ఉత్తర్వుతో నిషేధమైంది. అంటే విద్యాహక్కు చట్టం కంటే ముందే. 2009 విద్యాహక్కు చట్టం (అమలు 2010 ఏప్రిల్ 1 నుంచి) సెక్షన్ 17 శారీరక దండననీ మానసిక వేధింపునీ రెండిటినీ నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదని సెక్షన్ 16. 2019లో దీన్ని సవరించి 5, 8 తరగతుల్లో తప్పినవారిని ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు గానీ తీసేసే వీలు ఇవ్వలేదు. ఎనిమిదో తరగతిలోపు పిల్లాడితో "టీసీ ఇచ్చి పంపేస్తాం" అనడం చట్టంలో లేని అధికారంతో బెదిరించడమే.

ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికి కదా, తొమ్మిదో తరగతికి వర్తించదుగా అంటారు. 2015 బాల న్యాయ చట్టంలో బాలుడంటే 18 ఏళ్లలోపు. సెక్షన్ 75 ప్రకారం పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవారు కొట్టినా, వారికి అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగించినా 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారైతే శిక్ష 5 ఏళ్ల కఠిన కారాగారం దాకా, జరిమానా 5 లక్షల దాకా పెరుగుతుంది. చాలామంది సెక్షన్ 82 అంటుంటారు, అది బాలల సంరక్షణ గృహాల కోసం రాసింది.

గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, ఎండలో నిలబెట్టడం, మోకాళ్ల మీద నడిపించడం, అందరి ముందు జుట్టు కత్తిరించడం, జడ విప్పించడం ఇవన్నీ ఈ పరిధిలోకే వస్తాయి. కులం పేరెత్తి అవమానిస్తే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తించవచ్చు.

చేయగలిగింది ఏమిటంటే: తరగతిలో చోటు మార్చడం, మిగిలిన పని అదే రోజు చేయించడం, పాడుచేసిన దాన్ని బాగు చేయించడం, ఆటల పోటీ, లీడరు పదవి లాంటి అదనపు అవకాశాన్ని కొన్నాళ్లు ఆపడం, తల్లిదండ్రుల్ని పిలిపించడం, రాతపూర్వక హెచ్చరిక. అవమానం, నొప్పి, ఆకలి లేనంతవరకూ వీటికి అడ్డులేదు.

బెత్తంతో_చదివినవాడు

అందరూ చెప్పేది గౌరవంగానే వింటున్నాను. కానీ ఒక మాట ఒప్పుకోండి. దండం దశగుణం భవేత్ అన్నవాళ్లు పిల్లల మీద ద్వేషంతో అనలేదు. ఇవాళ ఇరవై సెకన్ల ఫోను వీడియోతో టీచరు సస్పెండ్ అవుతున్నారు. ఆ వీడియోకి ముందు ఐదు నిమిషాల్లో ఏం జరిగిందో ఎవరూ అడగరు. పిల్లలకూ ఆ సంగతి తెలుసు: "సార్ మమ్మల్ని ఏమీ చేయలేరు." భయం పోయిన చోట ఏది నిలబడుతుంది? చోటు మార్చడం, బాగు చేయించడం అంటున్నారు. వాటిని లెక్కచేయని పిల్లాడు ప్రతి తరగతిలో ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్ల వల్ల మిగతా నలభై మంది చదువు పోతోంది. ఆ నలభై మంది హక్కు గురించి ఎవరు మాట్లాడతారు?

బోర్డు_పక్కన

మాస్టారూ, ఆ నలభై మంది గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. అందుకే "వదిలేయండి" అని ఇక్కడెవరూ అనడం లేదు.

అయితే శిక్ష పనిచేయడం అది ఎంత పెద్దదన్న దాని మీద కన్నా ఎంత ఖాయంగా, ఎంత త్వరగా జరుగుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. పదిసార్లు వదిలేసి పదకొండోసారి విరుచుకుపడితే పిల్లాడు నేర్చుకునేది "పదిసార్లు నడుస్తుంది" అనే. ప్రతిసారీ ఐదు నిమిషాల చిన్న ఫలితం దానికంటే గట్టిది. తరగతికి నాలుగైదు నియమాలు చాలు, ఇరవై రాస్తే ఏదీ అమలు కాదు. ఏ నియమం తప్పితే ఏమవుతుందో జూన్‌లోనే చెప్పి, ఆ తరగతికి వెళ్లే టీచర్లందరూ దాన్నే పాటించాలి. ఇంగ్లిషు టీచరు చూసీ చూడనట్టు పోయి, లెక్కల టీచరు పట్టుకుంటే పిల్లల కళ్లకు లెక్కల టీచరే శత్రువు అవుతారు.

పనిచేయని శిక్షలు కొన్ని ఉన్నాయి, వాటిని మనం అలవాటుగా వాడుతున్నాం. తరగతి బయట నిలబెట్టడం వాటిలో మొదటిది. పాఠం తప్పించుకోవడానికే అల్లరి చేసినవాడికి అది శిక్ష కాదు, కోరుకున్న బహుమతి. రేపు ఇంకా త్వరగా అల్లరి చేస్తాడు. వందసార్లు ఇంపోజిషన్ రాయిస్తే రాత అంటేనే అసహ్యం పుడుతుంది, ఆరో లైను నుంచి కంటి ముందు అక్షరాలు తప్ప అర్థం ఉండదు. ఒకడు చేసినదానికి తరగతి మొత్తాన్ని నిలబెడితే బాగా నడుచుకునే ముప్పై ఎనిమిది మంది మన మీద నమ్మకం పోగొట్టుకుంటారు. ప్రతి చిన్నదానికీ హెచ్‌ఎం గదికి పంపితే మూడోసారికి ఆ గది మామూలు గది అయిపోతుంది, నిజంగా అవసరమైన రోజున దానికి బలం మిగలదు. గుంజీల సంగతి వేరు. అలవాటు లేని పిల్లాడి చేత వందలకొద్దీ తీయిస్తే తొడ కండరాలు దెబ్బతిని, వాటిలోంచి వచ్చే పదార్థాలు కిడ్నీల్ని పాడుచేసే ప్రమాదం వైద్యులకు బాగా తెలిసిందే. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది ఆసుపత్రికి వెళ్లాల్సిన సూచన.

పనిచేసేవి: పాఠంలో పోగొట్టిన ఐదు నిమిషాలు ఇంటర్వెల్‌లో ఐదు నిమిషాలుగా తిరిగివ్వడం (మంచినీళ్లు, బాత్రూము, అన్నం మాత్రం ఎప్పుడూ ఆపకూడదు). బెంచీ మీద గీసినవాడు ఆ బెంచీనే తుడవడం, ఒక గుడ్డ మన చేతిలోనూ ఉంటే మరీ మంచిది. తోటివాణ్ని తిట్టినవాడు ఆ తోటివాడి అవసరం ఏదో ఒకటి తీర్చడం. బలవంతంగా చెప్పించిన "సారీ" కన్నా ఇది ఎక్కువ నిలుస్తుంది.

వినేచెవి (ప్రత్యేక విద్య)

ఇంతదాకా వచ్చిన వాటిలో "పాఠం తప్పించుకోవడానికి" అన్న మాట దగ్గర ఆగాలి. ఎదురు తిరిగే పిల్లల్లో చాలామంది చదవలేని పిల్లలే. "చదవడం రాదు" అని నలభై మంది ముందు బయటపడటం కన్నా "చదవను" అని అనిపించుకోవడం వాళ్లకు తేలిక. మొండితనం అనే పేరు కింద దాక్కుంటారు.

తేల్చుకోవడం కష్టం కాదు. ఐదో తరగతి తెలుగు వాచకంలోంచి వంద పదాల పేరా ఒకటి తీసి, ఒంటరిగా, ఎవరూ లేనప్పుడు చదివించండి. పదికి ఒక పదం కంటే ఎక్కువ తప్పుతుంటే ఆ పేరా వాడికి కష్టమైనదే. అలాంటప్పుడు తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకం ముందుపెట్టి "చదువు" అనడం గోడని నెట్టమన్నట్టే. చదివేటప్పుడు పుస్తకం దగ్గరగా పెట్టుకుంటున్నాడా, కళ్లు చిట్లిస్తున్నాడా, వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా అన్నవీ చూడండి. కళ్లద్దాలు లేక బోర్డు కనిపించని పిల్లలు, చెవిలో చీము కారి సగమే వినిపించే పిల్లలు "లెక్కలేనివాళ్లు"గా ముద్రపడిన సందర్భాలు చాలా. తెల్లవారుజామున పాలో పేపరో వేసి వచ్చేవాడు మూడో పీరియడ్‌కి చిరాకుపడటం మామూలే. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు తల బల్ల మీద వాల్చేస్తారు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే వేసుకుంటున్నారా, కింద పారేస్తున్నారా చూడటం కూడా ఈ పనిలో భాగమే.

కారణం పట్టడానికి ఒక నోట్సులో నాలుగు గడులు గీసుకోండి: ఏ రోజు ఏ పీరియడ్, దానికి ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, వెంటనే ఏమైంది. రెండు వారాలు రాయండి. "పొగరుగా ఉన్నాడు" అని రాయొద్దు. "పుస్తకం తీయమంటే తీయలేదు, కిటికీ వైపు తిరిగాడు, నాలుగు నిమిషాలు" అని కంటికి కనిపించింది రాయండి. పది పన్నెండు సంఘటనలు పోగయ్యేసరికి వరుస కనిపిస్తుంది. పైకి చదివించినప్పుడే అయితే తప్పించుకోవడం. నలుగురు నవ్వినప్పుడే ఎక్కువైతే అందరి చూపూ తన మీద పడటం కోసం. భోజనానికి ముందు పీరియడ్‌లోనే అయితే ఆకలి అనుకోవచ్చు. మందు కారణాన్ని బట్టి మారుతుంది. చూపు కోసం చేసేవాణ్ని పట్టించుకోకపోవడం సరైనదే, కానీ మొదటి మూడు నాలుగు రోజులు అల్లరి తగ్గదు, ఇంకా పెరుగుతుంది. చాలామంది అప్పుడే "ఇది పనిచేయడం లేదు" అని వదిలేసి అరుస్తారు. అప్పుడు పిల్లాడు నేర్చుకునేది, ఇంకా గట్టిగా చేస్తే చూస్తారని.

తప్పించుకునేవాణ్ని పట్టించుకోకపోతే మాత్రం వాడికి కావాల్సింది అదే. వాడి పని చిన్న ముక్కలు చేయాలి: పది ప్రశ్నల బదులు మూడు, పైకి చదివించే ముందు రోజే ఆ పేరా ఏదో చెప్పి ఇంటికి పంపడం.

బాగుండే పిల్లో పిల్లాడో రెండు మూడు వారాల్లో ఒక్కసారిగా మారిపోతే అది క్రమశిక్షణ సమస్య అనుకోవద్దు. ఇంట్లో హింస, బడిలో ఏడిపించడం, లైంగిక వేధింపు దాకా ఏదైనా కావచ్చు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, "బడి పరువు" అని దాచడం నేరం. బాలల సహాయానికి 1098, మానసిక ఆరోగ్య సలహాకు టెలీమానస్ 14416.

ఓరుగల్లు_దిక్కు

ఫోన్లు, బండ్ల ముచ్చట ఎవ్వరు రాయలే, నేను రాస్త.

క్లాసుల ఫోన్ మోగితే గుంజుకునుడు వద్దు. గుంజుకుంటే కింద పడుతది, అద్దం పలుగుతది, తెల్లారి లొల్లి మన మీదికే వస్తది. "ఆఫ్ చేసి టేబుల్ మీద పెట్టు" అనాలె. పెట్టినంక అందరి ముందే కవర్ల ఏసి, పేరు, తరగతి, టైము రాసి అంటువెట్టాలె. రిజిస్టర్ల ఒక లైను: ఏ కంపెనీ, ఏ రంగు, అద్దం ముందుగాల్నే పలిగి ఉన్నదా లేదా, పిల్లగాని సంతకం. హెచ్‌ఎం బీరువల తాళం. అదే దినం సాయంత్రం తల్లి గానీ తండ్రి గానీ వచ్చి సంతకం పెట్టి తీస్కపోవాలె. నెలల కొద్ది దాచుడు, సిమ్ము తీసుడు, గ్యాలరీ తెరిచి చూసుడు అస్సలు చేయొద్దు. లోపల ఏమున్నదో చూసే హక్కు మనకు లేదు. ఏదన్న నేరం అనుమానమైతే పోలీసోళ్లకు అప్పజెప్పుడే. ఆడపిల్లల బ్యాగు మగసార్లు ముట్టొద్దు, ఏ బ్యాగైనా ఇద్దరు టీచర్లుండంగ పిల్లలే తీసి చూపెట్టాలె. పక్క ఆంధ్రప్రదేశ్‌ల 2023 ఆగస్టుల తరగతి గదులల్ల ఫోన్లు బంద్ పెట్టినప్పుడు టీచర్లకు సుత వర్తింపజేసిన్రు. అది మంచిగున్నది. మన చేతుల ఫోన్ ఉండంగ పిల్లలకు చెప్తే ఎట్ల వింటరు?

ఇగ బండ్లు. తొమ్మిది చదివే పిల్లగాడు బండి మీద ముగ్గుర్ని ఎక్కించుకొని వస్తడు. గేటు కాడ తాళం చెవి గుంజుకుంటే రేపు గల్లీల పెట్టి వస్తడు. తండ్రిని పిలిపించి కాయిదం మీద చూపెట్టాలె: 2019ల మారిన మోటారు వాహనాల చట్టం 199ఏ ప్రకారం పిల్లగాడు బండి నడిపితే పెద్దోళ్లకు 25,000 జరిమానా, మూడేండ్ల దాక జైలు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, పిల్లగానికి 25 ఏండ్లు వచ్చేదాక లైసెన్సు రాదు. గా ఆఖరిది చెప్తే పిల్లగాడే ముందుగాల ఇంటడు.

గుట్కా, సిగరెట్ దొరికితే పిల్లగాన్ని తిట్టుడు ఒక్కటే కాదు, అమ్మిన దుకాణం ఎక్కడున్నదో చూడాలె. బడికి వంద గజాల లోపట అమ్ముడు, 18 ఏండ్ల లోపటోళ్లకు ఎక్కడన్న అమ్ముడు, రెండూ 2003 పొగాకు చట్టం కింద నేరమే. సర్పంచుకు, ఠాణాకు కాయిదం రాసి నకలు మన దగ్గర పెట్టుకోవాలె.

హెచ్‌ఎం_గది

తల్లిదండ్రుల్ని పిలిపించడం మనం చేసే పనుల్లో అన్నిటికంటే ఎక్కువగా చెడేది. కారణం సులువు: పిల్లాడు తప్పు చేసిన రోజే మొదటిసారి ఫోను చేస్తాం. ఆ తండ్రికి బడి నుంచి ఫోనంటేనే భయం పట్టుకుంటుంది. జులైలో, ఏ గొడవా లేనప్పుడు, "మీవాడు ఇవాళ ప్రయోగశాలలో బాగా సాయం చేశాడు" అని ఒక నిమిషం ఫోను చేసి ఉంటే సెప్టెంబరు ఫోను వేరేగా వినిపిస్తుంది.

పిలిచాక కుర్చీ వేయాలి. రోజుకూలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లని వరండాలో గంట నిలబెట్టి, తర్వాత స్టాఫంతా చుట్టూ చేరి చెప్తే ఆ తండ్రి అవమానం తట్టుకోలేక మన ముందే పిల్లాణ్ని కొడతాడు. బెత్తం మన చేతిలోంచి ఆయన చేతికి మారినట్టే. గదిలో హెచ్‌ఎం, క్లాస్ టీచరు, తల్లిదండ్రులు ఉంటే చాలు. మొదట వాళ్లు చెప్పేది పది నిమిషాలు వినాలి. తర్వాత వినేచెవి మేడమ్ గారు చెప్పిన నోట్సులోంచి తేదీలతో రెండు మూడు సంఘటనలు. పిల్లాణ్ని చివర్లో లోపలికి పిలిచి అందరూ ఒప్పుకున్న ఒకే ఒక్క మార్పు రాసుకోవాలి. "ఇకనుంచి బుద్ధిగా ఉంటాను" అన్న బాండ్ పేపరు దండగ. "మొదటి బెల్లుకి తరగతిలో ఉంటాను, ఆలస్యమైతే ఆ నిమిషాలు సాయంత్రం కూర్చుంటాను" అన్నది లెక్కకు వస్తుంది. పది రోజుల తర్వాత మళ్లీ కలిసే తేదీ ఆ కాగితం మీదే ఉండాలి.

మెగా పేరెంట్ మీటింగ్ లాంటి పెద్ద సభల్లో ఒక్క పిల్లాడి సంగతి ఎత్తొద్దు. విద్యా కమిటీ మీటింగులోనూ పేర్లు రావద్దు.

బెత్తంతో_చదివినవాడుగారు వీడియోల గురించి అన్నారు. టీచర్ని కాపాడేది ఆ నోట్సే సార్. తేదీ, సమయం, వాడిన మాటలు, తీసుకున్న చర్య అదే రోజు రాసి హెచ్‌ఎం సంతకం పెట్టించి ఉంటే ఆ వీడియోకి ముందు ఐదు నిమిషాలూ మన దగ్గర ఉంటాయి.

చరిత్ర_పీరియడ్

ఒక తేడా చెప్పకుండా ఈ చర్చ ముందుకు పోకూడదు. ఎదురు తిరగడం అంతా ఒకటి కాదు.

1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి వెళ్లాక వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థుల మీద ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ చర్య తీసుకున్నారు. ట్రైనింగ్ కాలేజీ నుంచి తీసేసినవారిలో, తర్వాత స్వాతంత్ర్యోద్యమ నాయకుడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఉన్నారు. 1938లో ఉస్మానియా హాస్టల్లో వందేమాతరం పాడొద్దన్నందుకు సమ్మె చేసి బయటకు పంపబడ్డవాళ్లలో ఎందరో నాగపూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు పూర్తి చేశారు, పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. ఆ రోజుల రికార్డుల్లో వీళ్లందరూ క్రమశిక్షణ తప్పిన విద్యార్థులే.

దీనికి ఎదురుగా ఉన్న ఉదాహరణ ఇంకా ముఖ్యం. 1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడలేదని బడి నుంచి తీసేశారు. వాళ్లు రోజూ లేచి గౌరవంగా నిలబడేవారు, పాడేవారు మాత్రం కాదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో వాళ్లని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు, శాఖాపరమైన సర్క్యులర్‌తో ప్రాథమిక హక్కును తీసేయలేరు అన్నది ఆ తీర్పు సారం.

ఒకచోట పాడినందుకు, ఇంకోచోట పాడనందుకు. రెండుచోట్లా గొడవకు మూలం పాఠం చెడగొట్టడం కాదు. టీచరు అడగాల్సిన ప్రశ్న అదే: ఈ పిల్లాడు ఇంకొకరికి హాని చేస్తున్నాడా, పాఠం ఆగిపోయిందా, లేక నా మాట కాదన్నాడన్నదే బాధా? మూడోదైతే పిల్లాడి కారణం వినడానికి ఒక రోజు ఆగొచ్చు.

మెస్_కమిటీ

చరిత్ర_పీరియడ్ గారు చెప్పినదానికి గురుకులాల్లో రోజూ ఎదురయ్యే రూపం ఒకటుంది: అన్నం బాగాలేదని ప్లేట్లు పట్టుకుని అందరూ బయట కూర్చోవడం. దీన్ని "తిరుగుబాటు" అని రాసి లీడర్ల పేర్లు అడిగితే రేపటికి గోడలు దూకుతారు. మొదట ఆ అన్నం తిని చూడాలి, వాళ్ల ముందే, వాళ్ల గిన్నెలోంచే. పగటి బడుల్లో పెట్టే మధ్యాహ్న భోజనాన్ని వడ్డించే ముందు కనీసం ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలని కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. హాస్టళ్లలోనూ అదే అలవాటు పెట్టుకుంటే సగం గొడవలు రావు.

తర్వాత తరగతికి ఇద్దరు చొప్పున మెస్ కమిటీ. సరుకు దించేటప్పుడు తూకం దగ్గర వాళ్లలో ఒకరు నిలబడాలి. ఫిర్యాదుల పుస్తకంలో ప్రతి ఫిర్యాదు పక్కన మూడు రోజుల్లో జవాబు రాయాలి, "సరిచేయలేం, కారణం ఇది" అని రాసినా సరే. జవాబు లేని పుస్తకం రెండు వారాల్లో ఖాళీ అవుతుంది, ఆ మౌనాన్ని శాంతి అనుకోవద్దు.

చాక్‌పీస్

చాలా విషయాలు తేలాయి. ఇక ఆ చివరి ఇద్దరు ముగ్గురి సంగతి. వాళ్లకి రోజువారీ కార్డు (ప్రతి పీరియడ్‌లో నడవడికకు అంకె వేసే చీటీ) పెడతారని విన్నాం. అంకెలతో సహా చెప్పగలరా?

వినేచెవి

చెప్తాను. ముందు రెండు పనులే ఎంచుకోండి, ఎక్కువ వద్దు. ఉదాహరణకు "గంట కొట్టిన రెండు నిమిషాల్లో పుస్తకం తెరవడం", "ఇతరుల మీద చెయ్యి వేయకపోవడం". ఏడు పీరియడ్లు, పీరియడ్‌కి రెండు పనులు, ఒక్కోదానికి 0, 1 లేదా 2. మొత్తం 28.

మొదటి వారం పిల్లాడికి చెప్పకుండా మీరే వేసి చూడండి. సగటు 11 వచ్చిందనుకుందాం. తొలి లక్ష్యం 13 లేదా 14, అంతే. మొదటి రోజే 24 పెడితే రెండో పీరియడ్‌కే ఆశ పోతుంది, మిగతా ఐదు పీరియడ్లూ విచ్చలవిడిగా ఉంటాడు. ఆరు రోజుల్లో ఐదు రోజులు లక్ష్యం అందితే వచ్చే వారం రెండు పెంచండి. 22 దగ్గర ఆగండి, ఏ పిల్లాడికీ 28 అవసరం లేదు.

ఉదయం ప్రార్థనకు ముందు ఒక టీచరు రెండు నిమిషాలు పలకరించి కార్డు ఇవ్వాలి, సాయంత్రం అదే టీచరు కూడి చూడాలి. ఆ టీచరు పిల్లాడికి ఇష్టమైనవారై ఉండటం ముఖ్యం, పీఈటీ సారయినా సరే. బహుమతి అదే రోజు అందాలి: గంట కొట్టే పని, వాలీబాల్‌కి విజిల్, లైబ్రరీ పుస్తకం మొదట ఎంచుకోవడం. నెలాఖరు బహుమతికి ఈ పిల్లలు ఎదురుచూడలేరు. ఇంటికి కార్డు వెళ్తే సంతకం కోసమే, తక్కువ మార్కులకు అక్కడ దెబ్బలు పడతాయని అనుమానముంటే అసలు పంపొద్దు.

కార్డు జేబులో పట్టేంత చిన్నదిగా, బస్‌పాస్‌లా ఉండాలి. పీరియడ్ చివర సున్నా వేసినా ఉపన్యాసం ఇవ్వొద్దు, అంకె వేసి "వచ్చే పీరియడ్ చూద్దాం" అంటే చాలు. 22 మూడు నాలుగు వారాలు నిలిచాక పిల్లాడి చేతే అంకె వేయించండి, మీరూ వేరేగా వేయండి. రెండూ కలిస్తే ఒక పాయింటు అదనం. తర్వాత రోజుకి నాలుగు పీరియడ్లకే కార్డు, ఆపైన వారానికోసారి మాట. ఒక్కసారిగా ఆపేస్తే పది రోజుల్లో మొదటికొస్తుంది.

బెత్తంతో_చదివినవాడు

పద్ధతి అర్థమైంది మేడమ్. వచ్చే సోమవారం నుంచి ఇద్దరితో మొదలుపెట్టొచ్చు అనిపిస్తోంది. ఒక్కటే సందేహం: కార్డు మన ముందే చింపేస్తే?

వినేచెవి

టేబుల్ సొరుగులో ఇంకో నాలుగు ఉంచుకోండి మాస్టారూ. ఏమీ అడక్కుండా కొత్తది ఇచ్చి, ఆ పీరియడ్ నుంచే అంకెలు వేయండి, అంతకుముందు వచ్చినవి గుర్తుంటే అవీ రాసివ్వండి. ఒకే వారంలో రెండోసారి చింపితే లక్ష్యం ఎక్కువైందనో, ఎవరో ఒక టీచరు దాన్ని బెదిరించడానికి వాడుతున్నారనో అర్థం. సాయంత్రం పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని "ఏ పీరియడ్ దగ్గర విసుగొచ్చింది?" అని అడగండి. వాడు వేలు పెట్టి చూపిస్తాడు. ఆ పీరియడ్ అంకె ఒక వారం పాటు లెక్క నుంచి తీసేసి, ఆ టీచరుతో మీరు మాట్లాడాకే మళ్లీ కలపండి.